గొలుసుకు రెండో కొస

మదనపల్లె నుంచి కుప్పంలో పెళ్ళికి కారులో బయల్దేరాం. ముగ్గురు మనుషులం, ఒక కుక్క. ముందు సీట్లో నా స్నేహితుడు, మున్సిపాలిటీలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. స్టీరింగు దగ్గర ఆయన మేనల్లుడు. బెంగళూరు కంపెనీలో ఉద్యోగం, పనంతా మదనపల్లె ఇంటి నుంచే. వెనక సీట్లో నేనూ, ఆ అబ్బాయి లాబ్రడార్ బ్రూనో. మామా అల్లుళ్ళ తగాదా ఆ పొద్దుటిదే. కానిస్టేబుల్ సెలక్షన్లకని గ్రౌండులో పదహారు వందల మీటర్లు పరుగు తీస్తున్న పిల్లల మధ్యకు బ్రూనో గొలుసుతో సహా దూరాడు. ఎవర్నీ కరవలేదు. వెనక్కి చూస్తూ పరుగెత్తిన ఒక పిల్లవాడు మాత్రం బోర్లా పడ్డాడు, మోకాళ్ళు చెక్కుకుపోయాయి.

మామ: ఫోను చూసుకుంటా నడిస్తే గొలుసు చేతిలో ఉండాదా లేదా అని ఎట్ల తెలుస్తాది నీకు?

అల్లుడు: జారిపోయింది మామా. ఆ పిల్లోడికి సారీ చెప్పినా, ఆయింట్‌మెంటు కొనిచ్చినా. అయినా బ్రూనో ఆడుకోడానికే పోయినాడు, వాడు కరిచే రకం కాదు.

మామ: కరవడని నీకు తెలుసు. ముందెప్పుడూ వాణ్ణి చూడని పిల్లోడికి యాడ తెలుస్తాది? 2023 జనవరిలో హైదరాబాదు బంజారాహిల్స్‌లో జరిగింది మరిచిపోయినావా? భోజనం పార్శిలు ఇయ్యడానికి పోయిన పిల్లోడు. ఆ ఇంటి జర్మన్ షెపర్డ్ మీదికి వస్తే తప్పించుకోబోయి మూడో అంతస్తు నుంచి పడినాడు. నిమ్స్ ఆసుపత్రిలో పెట్టినా బతకలేదు. వాణ్ణి చంపింది కాటు కాదు, భయం.

అల్లుడు: దాన్ని నేను కాదనను. కానీ ఒక కుక్క చేసిన దానికి ఊళ్ళో కుక్కలన్నిటికీ గ్రౌండు గేటు మూస్తామంటే ఒప్పుకోను. నువ్వు పొద్దున అందరి ముందరా అన్నది అదే కదా, కుక్కల్ని గ్రౌండులోకి రానీయొద్దని. కుక్కను తిప్పకుండా ఇంట్లో కట్టేయమంటావా? చట్టం ప్రకారం అది నేరం. జంతుహింస నివారణ చట్టం, 1960, పదకొండో సెక్షన్. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తగినంత తిప్పకపోవడం కూడా హింసే అని రాసుంది.

మామ: శిక్ష ఎంతో అదీ చదివినావా? మొదటిసారికి పది రూపాయల నుంచి యాభై దాకా. 1960లో యాభై అంటే యాభయ్యే. ఇప్పుడు దాంతో బ్రూనోకు ఒక పూట మేత రాదు.

ఇక్కడ నా మాట ఒకటి. చాలామందికి తెలియని సెక్షన్ అది, కానీ మన కాలనీలకు దానంత అవసరమైనది లేదు. గేటు పక్కన మూరెడు గొలుసుతో పొద్దున్నుంచి రాత్రి దాకా పడుండే కుక్కలు ఎన్ని లేవు! నడక ఎరగని, కొత్త మనిషిని ఎరగని అలాంటి కుక్క ఏదో ఒకనాడు గేటు దాటితే ఎలా ఉంటుందో ఆ వీధి వాళ్ళకు తెలుసు. కాబట్టి కుక్కను తిప్పడం కుక్కకోసమే కాదు. ఈ విషయంలో అబ్బాయిది పైచేయి అనుకున్నాను. నా మిత్రుడు ఊరుకునే రకం కాదు.

మామ: తిప్పొద్దని నేననలేదు. ఎవరి జాగాలో, ఎవరి టైములో తిప్పుతావనేదే నా ప్రశ్న. 2022 మేలో ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో ఏం జరిగింది? సాయంత్రం ఏడయ్యేసరికి అథ్లెట్లను బయటికి పంపేస్తా ఉండారని, ఆ తర్వాత ఒక ఐఏఎస్ ఆఫీసరు కుక్కతో అక్కడ వాకింగ్ చేస్తా ఉండాడని పేపర్లో వచ్చింది. ఆయన్ని లడఖ్‌కు, భార్యను అరుణాచల్‌కు బదిలీ చేసినారు.

అల్లుడు: నన్ను యాడికి బదిలీ చేస్తారు మామా, నేను ఇంటి నుంచే పని చేసేవాణ్ణి!

మామ: నవ్వులాట కాదు నాయినా. ఆ స్టేడియం పరుగు తీసేవాళ్ళ కోసం కట్టింది. మన గ్రౌండులో పొద్దున పరుగు తీసే పిల్లల్లో సగం మందికి బూట్లు కూడా ఉండవు. వాళ్ళకుండేది ఆ గంటా గంటన్నరే. నీకు రోజంతా ఉండాది.

అల్లుడు: టైము పెట్టండి, వింటా. జంతు సంక్షేమ మండలి 2015లో కాలనీ సంఘాలకు చెప్పింది కూడా అదే. పెంపుడు కుక్కల్ని నిషేధించొద్దు, పార్కుల్లోకి అసలు రావద్దనొద్దు, కావాలంటే అందరికీ కుదిరే వేళలు పెట్టుకోండి అని. కానీ జనం చేసేది టైము పెట్టడం కాదు. 2024 మేలో హైదరాబాదు రహమత్‌నగర్‌లో హస్కీని వాకింగ్‌కు తిప్పుతున్న మనిషినీ, ఆయన ఇంటివాళ్ళనూ, ఆ కుక్కనూ నడివీధిలో కర్రలతో కొట్టినారు. ఆ వీడియో చూసినాక మా అమ్మ వారం రోజులు నన్ను బయటికి పంపలేదు.

మామ: అది రౌడీతనం, దాన్ని ఎవరు మెచ్చుకుంటారు? జంతువును చంపినా అవిటి చేసినా భారతీయ న్యాయ సంహిత 325 ప్రకారం అయిదేళ్ళ దాకా జైలు. అదే సంహితలో 291 కూడా ఉండాది, అది నీలాంటోళ్ళ కోసం. తన జంతువు వల్ల ఇంకొకరి ప్రాణానికి ముప్పు రాకుండా, పెద్ద దెబ్బ తగలకుండా చూసుకోనోడికి ఆరు నెలల దాకా జైలు, లేదంటే అయిదు వేల దాకా జరిమానా, లేదంటే రెండూ. నేను చెప్పేది ఒకటే. రూలు లేని చోటికి కర్ర వస్తాది. కర్ర రాకూడదంటే ముందుగా రూలు రావాల.

అల్లుడు: ఆ రూలు బోర్డు మన ఊళ్ళో యాడుందో చూపించు. పంచాయతీల్లో కుక్కలకూ పందులకూ లైసెన్సు ఉండాలని కొన్నేళ్ళ కింద గవర్నమెంటు ఉత్తర్వు ఇచ్చింది కదా, ఏ పల్లెలోనైనా ఎవరైనా అడిగినారా? నేను బెంగళూరులో ఉన్నప్పుడు కార్పొరేషన్ లైసెన్సు తీసుకున్నా. ఇక్కడ ఇస్తామంటే ఇక్కడా కడతా. అడిగే నాథుడు లేడు.

మామ జవాబు చెప్పలేదు. సర్వీసంతా మున్సిపాలిటీ ఆఫీసులోనే గడిపిన మనిషి కదా, గమ్మునుండిపోయాడు.

పుంగనూరు చేరేసరికి బ్రూనో కిటికీకి ముక్కు ఆనించి కూనిరాగం తీస్తున్నాడు. ఊరి మొదట్లో చెట్ల నీడ చూసి కారాపాం. అబ్బాయి ఈసారి గొలుసును మణికట్టుకు ఒక చుట్టు చుట్టి, పొట్టిగా పట్టుకుని, కుక్కను రోడ్డు వైపు కాక అంచు వైపు నడిపించాడు. మామ ఆ చేతినే చూస్తున్నాడు. నాలుగడుగుల తర్వాత బ్రూనో ఒక ఇంటి ముగ్గుకు జానెడు దూరంలో కూర్చుని పని కానిచ్చాడు. అబ్బాయి జేబులోంచి పాల ప్యాకెట్టు కవరు తీసి, చెయ్యి అందులో దూర్చి, పెంటను పట్టి, కవరును తిరగేసి ముడేశాడు. ఆ ఇంటావిడ వాకిట్లోంచి చూసి మళ్ళీ లోపలికి పోయింది. ఏమీ అనలేదు. కవరు తీయకపోయి ఉంటే ఏమనేదో ఊహించగలను.

మామ: ఇప్పుడు ఆ ముడి ఏం జేస్తావు?

అల్లుడు: చెత్తకుండీ ఉంటే వేస్తా. ఇక్కడ కుండీ ఏది మామా? ఎత్తమంటారు, వేసే జాగా చూపించరు. అందుకే సగం మంది కాలవలో పారేస్తారు. అదిగో, అక్కడ ఆవు పేడ రోడ్డు మధ్యలో పడుంది, దాన్నెవరూ ఏమీ అనరు. అదీ పుంగనూరు ఆవేమో అని దండం కూడా పెడతారు!

మామ: పుంగనూరు ఆవు రోడ్ల మీద యాడ దొరుకుతాది రా, లక్షలు పలుకుతా ఉండాది.

నిజమే. మూడడుగుల ఎత్తు కూడా దాటని ఆ ఆవు ఒకప్పుడు అంతరించిపోతుందని భయపడ్డ జాతి. పలమనేరు పశు పరిశోధన కేంద్రం దాన్ని కాపాడుకుంటూ వచ్చింది. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి తన ఇంట్లో వాటికి మేత పెడుతున్న ఫొటోలు దేశమంతా చూసింది. కానీ అబ్బాయి అడిగింది ఆవు గొప్పతనం గురించి కాదు, పేడకు ఒక న్యాయం పెంటకు ఒక న్యాయమా అని. దానికి మామ దగ్గర ఉద్యోగం నేర్పిన జవాబుంది.

మామ: ఆవు గడ్డి తింటాది. దాని పేడతో కళ్ళాపి చల్లుతారు, పిడకలు కొడతారు, దిబ్బలో వేస్తారు. రోడ్డు మీద పడినా ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. కుక్క పెంటను ఎవరు ఎత్తుకుపోతారు? అది ఎరువుకూ పనికిరాదు. కుక్క కడుపులో కొంకిపురుగులు, ఏలికపాములు ఉంటాయి. వాటి గుడ్లు పెంటతో మట్టిలో కలుస్తాయి. కొంకిపురుగు పిల్లలైతే ఉత్త కాళ్ళతో నడిచేవాడి చర్మంలోంచే దూరతాయి. ఏలికపాము గుడ్డు మట్టిలో ఆడుకునే బిడ్డ చేతి నుంచి నోట్లోకి పోతాది, కంటికి కూడా ముప్పే. గ్రౌండులో బూట్లు లేని పిల్లోడి గురించి నేను అందుకే చెప్పినా. ఇంకోటి ఉండాది. నువ్వు వదిలేసిన దాన్ని పొద్దున్నే ఎత్తేది చీపురు పట్టుకున్న ఒక ఆడమనిషి. ఆమెకు గ్లవుజులు ఇచ్చినా అవి నెలలోపే చిరిగిపోతాయి. మాది ఆరోగ్యవరం శానిటోరియం ఉన్న ఊరు. ఉమ్మిని దానికని పెట్టిన గిన్నెలోనే వేయాలని క్షయ రోగులకు నేర్పినారు అక్కడ, నూరేళ్ళ కిందనే. రోగం వచ్చినోడు నేర్చుకున్నాడు, కుక్క ఉన్నోడు నేర్చుకోలేడా?

అల్లుడు: నేను నేర్చుకున్నా కదా. కవరు నా చేతిలో ఉంది చూడు. నేర్వాల్సింది కుండీ పెట్టనోళ్ళు.

ఆ ముడి కవరు డిక్కీలో ఒక పాత డబ్బాలోకి చేరింది. ఇద్దరిదీ న్యాయమే అనేసి ఊరుకుంటే బాగుండదు కాబట్టి నాకు తోచింది చెబుతాను. కుండీ లేదనేది పెంట వదిలేయడానికి కారణం కాదు. ఇంటికి మోసుకుపోయి పెరట్లో కూరమళ్ళకు దూరంగా గుంట తీసి పూడ్చొచ్చు. అయితే మోసుకుపోయే వాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు. మిగతా వాళ్ళు మారాలంటే గ్రౌండు గేటు దగ్గర మూతున్న డబ్బా ఒకటి ఉండాల్సిందే.

టీ అంగడి దగ్గర ఇంకో గొడవ వచ్చి పడింది. బ్రూనోను చూసి బెంచీ కింది వీధికుక్కలు మూడు లేచి చుట్టుముట్టాయి. అబ్బాయి పరుగెత్తలేదు. బ్రూనోను వెనక్కి తిప్పి తానే అడ్డం నిలబడ్డాడు. టీ అంగడాయన గట్టిగా అదిలించాక అవి సర్దుకున్నాయి.

అల్లుడు: చూసినావా? వాకింగ్‌లో నా అసలు కష్టం ఇది. జనం వీధికుక్క మీది కోపం నా కుక్క మీద చూపిస్తారు. వీటికి ఆపరేషన్లు చేయించాల్సింది, టీకాలు వేయించాల్సింది స్థానిక సంస్థే అని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెబుతున్నాయి. వీటి చెవులు చూడు, ఒక్కదానికైనా ఆపరేషన్ అయినట్టు కొస కత్తిరించిన గుర్తుందా?

మామ: లేదు. నేనూ చూసినా. కానీ ఈ కుక్కలు ఆకాశం నుంచి ఊడిపడలేదు రా. ముద్దుగా ఉండాదని పిల్లను తెచ్చుకోని, పెద్దయినాక మేపలేక రాత్రిపూట పక్క ఊరి రోడ్డు మీద దించేసి పోయినోళ్ళను నా సర్వీసులో ఎంతమందిని చూసినా! పెంపుడు కుక్కకు ఆపరేషన్ చేయించకుండా వీధిలోకి వదిలితే వచ్చే పిల్లలు ఎవరివి?

అల్లుడు: మరి సుప్రీంకోర్టు ఏమంది? 2025 ఆగస్టు 11న ఢిల్లీ కుక్కలన్నిటినీ పట్టి షెల్టర్లలో పెట్టమంది. పదకొండు రోజులకే ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని మార్చింది. ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలండి, రేబిస్ ఉన్నవాటినీ మీదపడి కరిచేవాటినీ తప్ప అని.

మామ: సగమే చెప్తావు. వీధిలో ఎక్కడబడితే అక్కడ మేత పెట్టొద్దు, దానికని వార్డుల్లో జాగా చూపించండి అని అదే ఉత్తర్వులో ఉండాది. మళ్ళా నవంబరు 7న ఇంకోటి వచ్చింది. బళ్ళు, ఆసుపత్రులు, ఆటస్థలాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి వీధికుక్కల్ని తీసేయండి, మళ్ళా అదే చోట వదలొద్దు, కంచె కట్టండి అని. బస్టాండు పక్కనే టీ తాగతా ఉండాం. కనబడతా ఉండాదా ఆ ఉత్తర్వు?

అల్లుడు నవ్వాడు. వీధికుక్కల సంగతిలో ఇద్దరికీ చెరో సగం చట్టం నోటికి వచ్చు. బెంచీ కింద కుక్కలకు మాత్రం అందులో ఏ సగమూ అందలేదు. మన ప్రాంతంలో ఈ వాదన ఇక్కడితో ఆగిపోతుంది. ఆపరేషన్ థియేటరు, పట్టే వల, పట్టడం వచ్చిన మనిషి, కోసాక నాలుగు రోజులు ఉంచే గది ఉంటే తప్ప కోర్టు మాటకు కాళ్ళు రావు.

పలమనేరు దాటాక మామ హఠాత్తుగా వెనక్కి తిరిగి బ్రూనో బెల్టు పట్టి చూశాడు.

మామ: వీడికి రేబిస్ టీకా ఎప్పుడు వేయించినావు?

అల్లుడు: వేయించినా... పోయిన ఏడాది. కార్డు ఇంట్లో ఉంది.

మామ: పోయిన ఏడాది ఎప్పుడు?

అల్లుడు: రెండు నెలలు దాటింది మామా. పెళ్ళి పనుల్లో పడి...

మామ: చట్టం ఇంత చదివినోడివి! మనుషులకు రేబిస్ వచ్చేది నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు కుక్కల నుంచే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తా ఉండాది. ఒకసారి లక్షణాలు బయటపడినాయంటే మనిషి దక్కడు. మా చిన్నప్పుడు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. అంతకు ముందు తరమోళ్ళైతే కూనూరు పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ పేరు చెప్పుకునేవాళ్ళు, 1907లో పెట్టింది. ఇప్పుడు చేతికి వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. గవర్నమెంటు ఆసుపత్రిలో ఉచితం. అయినా జనం గాటు మీద కారం పెడతారు, సున్నం పెడతారు, ఆకుపసరు పిండుతారు. పెట్టాల్సింది సబ్బు, ధారగా పోయే నీళ్ళు, పావుగంట సేపు. తర్వాత ఆసుపత్రి. గాయం లోతుగా ఉంటే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఇస్తారు, అడిగి వేయించుకోవాల.

అల్లుడు: కుప్పంలో పశువుల ఆసుపత్రికే పోదాం ముందు. పెళ్ళి తర్వాత.

అంటే పెళ్ళి తర్వాత పోదామనా, పెళ్ళికంటే ముందు పోదామనా అని మామ అడిగితే కారులో కాసేపు నవ్వులు.

వి.కోట దాటాక కూడా అబ్బాయి ఊరుకోలేదు. ఊళ్ళో గొలుసు వేస్తా సరే, ఈ అడవి అంచు రోడ్ల పక్కన జనమే లేని చోట కాసేపు విప్పి పరుగెత్తనిస్తే ఏం పోయింది అన్నాడు. ఈ పక్కంతా కౌండిన్య అభయారణ్యం. అడవి ఏనుగుల్ని తరమడానికి శిక్షణ ఇచ్చిన కుంకీ ఏనుగుల్ని కర్ణాటక 2025లో ఇస్తే, వాటికి పలమనేరు దగ్గర ముసలిమడుగులో క్యాంపు పెట్టారు. కుంకీలు అవసరపడ్డాయంటేనే అడవి ఏనుగులు పొలాల్లోకి ఎంతగా వస్తున్నాయో తెలుస్తుంది.

మామ: విప్పు. కుక్క ఏనుగును చూస్తాది, మొరుగుతాది, ఏనుగు తిరగబడితే పరుగెత్తుకోని యాడికి వస్తాది? నీ కాళ్ళ దగ్గరికే. చిరుతకైతే కుక్క అంటే విందు. అదొక్కటే కాదు, టీకా లేని కుక్క అడవి జంతువుకు అంటించే రోగాలూ ఉండాయి. 2018లో గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చచ్చిపోతే కొన్నిట్లో కుక్కలకు వచ్చే డిస్టెంపర్ వైరస్ దొరికింది.

ఈసారి అల్లుడు వాదించలేదు. అద్దంలోంచి బ్రూనోను ఒకసారి చూసుకున్నాడు, అంతే.

కుప్పంలో వాదన బోర్డు దగ్గరికి వచ్చింది. గ్రౌండుకూ పార్కుకూ బోర్డు పెట్టించాలని ఇద్దరూ ఒప్పుకున్నారు, దాని మీద ఏం రాయాలనే దగ్గర మళ్ళీ తెగలేదు.

మామ: పొద్దున అయిదు నుంచి ఏడున్నర దాకా గ్రౌండు మనుషులకు. ఆ తర్వాత కుక్కలకు.

అల్లుడు: ఎండాకాలం ఏడున్నర దాటాక ఎండ ముదిరేకొద్దీ తారు కాలుతుంది మామా, వాడి పాదాలు బొబ్బలెక్కుతాయి. పరుగు తీసే ట్రాకు పిల్లలకు వదిలేయండి. గోడ పక్క దారి మాకియ్యండి, గొలుసు పొట్టిగా పట్టుకునేవాళ్ళకు మాత్రమే.

మామ: పెద్ద జాతి కుక్కలకు మూతికి చిక్కం కూడా రాయాల.

అల్లుడు: జాతిని చూసి రాయొద్దు. 2024 మార్చిలో కేంద్రం ఇరవై మూడు జాతులను నిషేధించమంటే, సంబంధించిన వాళ్ళను అడక్కుండా ఎట్ల చేస్తారని కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. కరిచిన చరిత్ర ఉన్న కుక్కకు చిక్కం వేయమనండి, అది పామరేనియన్ అయినా సరే.

మామ: ...సరే. కుప్పంలో పెడితే మూడు భాషల్లో రాయించాల. తమిళం, కన్నడం లేకపోతే ఈ ఊళ్ళో సగం మంది చదవరు.

అల్లుడు: కుక్కలకు మూడు భాషలూ వచ్చు ఇక్కడ.

ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో ఇక్కడే పెట్టారు కదా, అనువాదానికి మనుషులు దొరక్కపోరు.

నా తీర్పు అడిగారు, చెప్పాను. గొలుసు విషయంలో, పెంట విషయంలో, టీకా విషయంలో మామదే న్యాయం. ఈ మూడింటికీ మున్సిపాలిటీ కోసం కాచుకోవాల్సిన పని లేదు, గొలుసు పట్టుకున్నవాడు ఈ రోజే చేయొచ్చు. గేటు మూసే విషయంలో, జాతి పేరుతో వెలివేసే విషయంలో అల్లుడిదే న్యాయం. పన్ను కట్టే ఊరివాడికి ఆ నేల మీద హక్కుంది. కుండీ, బోర్డు, లైసెన్సు, వీధికుక్కల ఆపరేషన్లు మాత్రం ఆఫీసు బాధ్యత. అడక్కపోతే అవి రావు.

పెళ్ళికి ముందే పశువుల ఆసుపత్రికి పోయాం. బ్రూనోకు సూది పడింది, కార్డులో వచ్చే ఏడాది తేదీ రాయించుకున్నాం. అర్జీ మామ దస్తూరీలోనే తయారైంది. వచ్చే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇస్తారు. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో కుక్క ఉన్నవాళ్ళూ, కుక్కంటే భయపడేవాళ్ళూ ఆ కాగితం మీద పక్కపక్కనే సంతకం పెట్టాలని నా మనవి. ఒక్క పక్షమే పెడితే ఆఫీసులో దాన్ని ఫిర్యాదుగా చూస్తారు, ఇద్దరూ పెడితే పని చేయక తప్పదు.